కట్టకు రెండు కొసలు

హైదరాబాదు నగరమున ఒక చిత్రశాలలో తోట వైకుంఠంగారి చిత్రములను చూచుచు ఒక అపరాహ్ణమంతయు గడిపి బయటికి వచ్చుచుండగా, ద్వారముకడ కుర్చీలో కూర్చున్న కాపలాదారుతో రెండు మాటలాడుట తటస్థించినది. ఈ యాత్రకు మూలము ఆ రెండు మాటలే. ఆయనకు అరువదేండ్లు దాటియుండును. నీలపు చొక్కా, భుజముమీద మడిచిన తువ్వాలు, ఎండకు నల్లబడిన ముఖము. ఆయన కుర్చీ వాకిలివైపు తిరిగియున్నది గనుక, లోపల గోడలమీద వెలుగుచున్న ఎరుపులన్నియు దినమంతయు ఆయన వీపునకే కనబడుచుండెను.

"ఏ ఊరు పెద్దాయనా?" అని అడిగితిని.

"అనంతపురం పక్క సామీ. బుక్కరాయసముద్రం."

నేను లేపాక్షి చూడబోవుచున్నాననియు, ముందుగా అనంతపురమున దిగెదననియు చెప్పగా ఆయన కుర్చీలోనుండి లేచి నిలుచుండెను. "అట్లయితే మా చెరువులో నీళ్లు ఉండాయేమో సూసి సెప్పు సామీ. వాన పడిందని మావోళ్లు ఫోన్లో సెప్తాండారు గానీ, కండ్లతో సూసినోళ్లు సెప్తే అదొక తృప్తి."

చిత్రములను గురించి నాకు కలిగిన ఆలోచనలతో నిండియున్న ఆ సాయంకాలమున ఈ కోరిక నా చెవికి అప్రస్తుతముగా తోచినది. అది అప్రస్తుతము కాదని తెలిసికొనుటకు నాకు మూడు దినములును, మున్నూట యేబది కిలోమీటర్లకు పైబడిన ప్రయాణమును పట్టినవి.

ముందు ఆ చిత్రములను గురించి చెప్పవలెను. వైకుంఠంగారు 1942లో కరీంనగరు ప్రాంతపు బూరుగుపల్లిలో జన్మించినవారు. హైదరాబాదున చిత్రకళ నభ్యసించి, పిమ్మట బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్‌గారి సన్నిధిని మెరుగులు దిద్దుకొన్నవారు; బి. నరసింగరావుగారి 'దాసి' చలనచిత్రమునకు కళాదర్శకత్వము వహించి జాతీయ పురస్కారము నందినవారు. వారి చిత్రములలోని తెలంగాణ పల్లె స్త్రీ నేడు తెలుగుదేశమున అందరు నెరిగిన రూపము: శ్యామలమైన మేను, నొసట కాసంత కుంకుమబొట్టు, కొప్పున పూలు, ముక్కున ముక్కెర, పెద్ద అంచు చీర, ఒక్కొక్కప్పుడు చేతిమీద చిలుక. బాల్యమున తమ యూరికి వచ్చు నాటక బృందములలో స్త్రీ వేషము కట్టు పురుషులను చూచి, ఆ ముఖములకు పూసిన రంగుల దట్టతనమునకును, ఆ నగల తళుకునకును ముగ్ధులైతిమని వారు చెప్పియున్నారు. చిత్రముల యెదుట నిలిచినపుడు ఆ మాట సత్యమని తెలియును. ఆ ఎరుపు నీడలతో సన్నగిల్లు ఎరుపు కాదు. పెట్రోమాక్సు దీపపు వెలుగులో రంగస్థలముమీద నిలిచి, కట్టకడపటి వరుసలో చాపమీద కూర్చున్న పిల్లవానిదాక చేరవలసిన ఎరుపు.

అట్టి ఎరుపు ఇక్కడ తెల్లని గోడమీద, లెక్కప్రకారము అమర్చిన దీపపు కాంతిలో, నిశ్శబ్దముగా వ్రేలాడుచున్నది. చూచువారు మెల్లగా అడుగులు వేయుచు, ప్రక్కనున్న చీటీ చదివి, ఒక క్షణమాగి, ముందునకు సాగుచున్నారు. ఆ నిశ్శబ్దమును నేను నిందించుట లేదు. దానివలననే నేను ఒక్క చిత్రము నెదుట అరగంట నిలువగలిగితిని. అయినను పల్లెనుండి వచ్చిన ఆ స్త్రీలు ఇక్కడ ఎవరికొరకు నిలిచియున్నారను ప్రశ్న నన్ను విడువలేదు. ఆ ప్రశ్నతోనే రాత్రి బస్సెక్కితిని.

కర్నూలు దాటి, గుత్తి కోట చీకటిలో నల్లని మూపురమువలె కనబడునప్పటికి తూర్పు తెల్లవారుచుండెను. అచ్చటినుండి అనంతపురమువరకు భూమి క్రమముగా తన మాంసమును విడిచి ఎముకలను చూపును: ఎర్రమన్ను, గుండ్లు పేర్చినట్లున్న కొండలు, వేరుసెనగ చేలు, నడుమ నడుమ తుమ్మ చెట్లు. ఈ సీమలో ఏడాదికి పడు వర్షము సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు మేఘములు తూర్పు తీరమున కురిసి, ఇంతదూరము వచ్చునప్పటికి రిక్తహస్తములతో వచ్చును. రెండు ఋతుపవనముల దారులకును ఎడముగా నుండుటచేతనే దేశమున మిక్కిలి తక్కువ వాన గల జిల్లాలలో అనంతపురము ఒకటియైనది.

అట్టి చోట సముద్రమను పేరు గల ఊరున్నది. అనంతపురమునుండి తాడిపత్రి దారిని నాలుగైదు కిలోమీటర్లు పోయినచో బుక్కరాయసముద్రము. ఈ వైపువారు క్లుప్తముగా బీకేయెస్ అందురు. ఊరిమీద దేవరకొండ, కొండమీద కొండమీదరాయుడు. ప్రథమ బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు 1364లో పండమేరు ఏటికి అడ్డముగా కట్ట వేయించి ఈ చెరువును నిర్మించెననియు, ఆ కట్టకు ఒక కొసను బుక్కరాయసముద్రమును, మరియొక కొసను అనంతసాగరమును వెలయించెననియు చరిత్ర చెప్పుచున్నది. ఆ అనంతసాగరమే నేటి అనంతపురము. ఒక జిల్లాకు, ఒక నగరమునకు పుట్టుక ఒక మట్టికట్ట! సముద్రమనియు సాగరమనియు ఆ పేర్లు పెట్టినవారిది అతిశయోక్తి యనుకొందుమేమో. కాని ఏడాదిలో కొలది దినములు మాత్రమే కురియు వానను ఆపి, ఏడాది పొడవునను ఇచ్చునట్టి జలమును, ఎండిన నాలుక గలవాడు సముద్రమనక మరేమనును?

కట్ట యెక్కితిని. కాపలా పెద్దాయన కోరిక జ్ఞాపకమునకు వచ్చి మొట్టమొదట నీటివంకనే చూచితిని. నీరున్నది, నిండుగా లేదు. చెరువు నడుమ వెండిరేకువలె పరచుకొని, అంచులకడ బురదగా మారి, ఆ బురద ఎండినచోట పెంకులు పెంకులుగా పగిలియున్నది. బురద అంచున కొంగలు ఒంటికాలిమీద నిలిచియున్నవి. నీరు పూర్వము ఎంతవరకు వచ్చినదో చూపు గీతలు రాళ్లమీద ఒకదాని క్రిందనొకటిగా ఉన్నవి. పై గీత తెల్లగా పాతది; దాని క్రిందిది గోధుమవన్నె; అన్నిటికంటె క్రిందిది ఇంకను తడియారలేదు. పెద్దాయనకు చెప్పవలెనని ఆ గీతలను లెక్కపెట్టితిని.

ఈ కట్టమీదనే ముసలమ్మ కథ జరిగినదని ప్రజలు తరతరములుగా చెప్పుకొందురు. కుంభవృష్టి కురిసి కట్ట తెగబోవగా, బసిరెడ్డి యనువాని చిన్నకోడలు ముసలమ్మను బలియిచ్చినగాని గండి పూడదని దైవవాణి పలికినదట. ఆ యిల్లాలు అత్తమామలకు మ్రొక్కి, పెనిమిటి సెలవు పుచ్చుకొని, బిడ్డను విడిచి, తానై నడచివచ్చి గండిలో నిలిచినదట. సీ.పీ. బ్రౌను ఇంగ్లీషులోనికి తెచ్చిన అనంతపుర చరిత్రలోనికి ఎక్కిన ఈ కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు మదరాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా నుండగానే, 1899లో, 'ముసలమ్మ మరణము' అను కావ్యముగా రచించిరి. ఆధునికాంధ్ర కవిత్వమునకు అది తొలి మెట్లలో ఒకటియని సాహిత్యచరిత్రకారులు మన్నింతురు. బలిని నేను కొనియాడజాలను. ఒక స్త్రీ ప్రాణముతో పూడ్చిన గండి ఏ ఊరికిని గర్వకారణము కాదు. కాని ఊరు ఆమెను మరువలేదు, దేవతగా నిలుపుకొన్నది, ఏటేట జాతర చేయుచున్నది. తాము త్రాగు నీటిలో ఒక మనిషి యున్నదని ఆరువందల యేండ్ల చెరువును చూచి జ్ఞాపకముంచుకొనుట సామాన్యమైన విషయము కాదు.

ముసలమ్మ గుడికడ వేపచెట్టు నీడను ఒక అవ్వ కూర్చుండి పసుపు కుంకుమల పొట్లములు అమ్ముచున్నది. నొసట కుంకుమ చెమటకు కొంచెము జారి కనుబొమలమీదికి దిగియున్నది. చెవుల కమ్మలు తూగి తూగి చెవి తమ్మెలు సాగియున్నవి. చీర ఎరుపో, మన్ను ఎరుపో తెలియకున్నది. చిత్రశాలలో నేను అరగంట చూచిన ముఖము నాకు స్ఫురించినది. సెల్‌ఫోనులో తీసికొన్న ఆ చిత్రపు ఛాయను తెరచి ఆమెకు చూపితిని. అవ్వ ఫోనును రెండు చేతులతో పట్టుకొని, ఎండ పడకుండ కొంగు అడ్డముగా పెట్టుకొని, కన్నులు చిట్లించి చూచెను. ఎంతసేపు చూచెనో చెప్పజాలను. ఒక పొట్లము కొనవచ్చినవారు కొనకయే వేచియుండిరి.

"యా ఊరామె నాయనా?" అని అడిగెను.

నేను నివ్వెరపోతిని. చిత్రశాలలో ఎందరో ఎన్నో ప్రశ్నలడుగగా వింటిని: ఇది తైలవర్ణమా, ఏ సంవత్సరమున వేసినది, వెల ఎంత. ఏ ఊరామె యని ఎవ్వరును అడుగలేదు, నేనును అడుగలేదు.

"కరీంనగరం పక్క అవ్వా. ఒక పెద్దాయన గీసిన బొమ్మ. వాళ్లమ్మను తలంచుకొని ఇట్లాంటి బొమ్మలు గీస్తాడు."

"అట్లనా! అందుకే బొట్టు అంత నిండుగా పెట్టినాడు," అని అవ్వ ఫోను తిరిగియిచ్చి, వేచియున్నవారికి పొట్లము కట్టనారంభించెను.

కళావిమర్శ గ్రంథములు కొన్ని చదివితిని. ఆ బొట్టు వర్తులాకారమును, దాని చుట్టు నున్న నలుపుతో దాని వైరుధ్యమును గురించి నేనే రెండు పుటలు వ్రాయగలను. అది ఒక కుమారుడు తల్లి నొసట పెట్టిన బొట్టని ఆ రెండు పుటలలో ఎచ్చటను రాదు.

మరునాడు ధర్మవరము మీదుగా నిమ్మలకుంటకు పోతిని. పట్టుచీరల ధర్మవరమునకు సమీపమున నున్న ఈ చిన్న యూరు తోలుబొమ్మల కళాకారుల నివాసము. ఈ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో భారత ప్రభుత్వము పద్మశ్రీ ప్రకటించినది. సమకాలీన చిత్రకారుడను మాట విన్నంతనే మనకు నగరపు చిత్రశాల స్ఫురించుటయు, ఇట్టివారు స్ఫురింపకుండుటయు మన చూపులోని కొరత. వీరును గీయువారే, వర్ణముల నెరిగినవారే, నేడు మన నడుమ నున్నవారే.

ఒక కళాకారుని యింట అరుగుమీద కూర్చుండి పని చూచితిని. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు తొలగించి, గీకి, లాగికట్టి ఎండబెట్టుదురు. అది ఎండి పలుచని అప్పడమువలె, వెలుగును లోనికి రానిచ్చునదియై యుండును. దానిమీద రూపురేఖలు గీసి, పిమ్మట చిన్న ఉలులతో రంధ్రములు పొడుతురు. ఆనాడు ఆయన సీతాదేవి కంఠహారమును పొడుచుచుండెను. తోలు క్రింద కొయ్యపలక. ఎడమచేత ఉలి, కుడిచేత సుత్తి. ఒక్క దెబ్బకు ఒక్క రంధ్రము. హారమున ఒక వరుస గుండ్రని రంధ్రములు, దాని క్రింద చుక్కలవంటి సన్ననివి. ప్రతి దెబ్బకును ఆవగింజంత తోలుముక్క ఎగిరి ఆయన ఒడిలో పడుచున్నది. ఒక గంటలో ఒక హారము పూర్తికాలేదు.

"రంగు వేసి నగ చూపవచ్చును గదా, రంధ్రములెందుకు?" అని అడిగితిని.

ఆయన సమాధానము చెప్పక, పూర్తియైన వేరొక బొమ్మను తీసి వాకిటికి అడ్డముగా ఎండకెదురుగా ఎత్తిపట్టెను. అరుగుమీద మాసిన తోలుగా నున్నది ఒక్కసారిగా వెలిగినది. నీలము నీలమై, ఎరుపు కెంపై, రంధ్రములన్నియు మణులై మండినవి. "నగకు రంగు వేస్తే తెరమీద ఇంతగా మెరవదు సామీ. నగ అంటే వెలుగు కదా. వెలుగుకు దోవ ఇడవాల," అనెను.

తోలుబొమ్మకు వెలుగు వెనుకనుండి రావలెను. అందుచేతనే దీనికి రెండు వైపులను రంగు వేయుదురు. చేతులను, తలను వేరుగా చేసి దారముతో కూర్తురు. నిలువునను వెదురుబద్ద కట్టుదురు. పూర్వము ఆముదపు దీపముల వెలుగున, తెల్లని వస్త్రము తెరగా, రాత్రి పొడవునను రామాయణ భారత గాథలను పాడుచు ఆడించెడివారు; నడుమ నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నిద్రపోవువారిని నవ్వించి లేపెడివారు. పాల్కురికి సోమనాథుని కాలమునాటికే తెలుగునాట ప్రసిద్ధమైన ఈ ఆట, వానకొరకు ఊరూర ఆడించబడెడిదని ఈ సీమలో నేటికిని చెప్పుకొందురు. సినిమా వచ్చినది, టీవీ వచ్చినది. రాత్రులు తెరముందు కూర్చుండువారు తగ్గిరి. బొమ్మలు చేయు చేతులు మాత్రము ఆగలేదు. నేడు అవే చేతులు దీపములకు కప్పు తోలు గొడుగులను, గోడకు తగిలించు చిత్రములను చేయుచున్నవి. నగరములందలి ప్రదర్శనలకు పోవుచున్నవి. తెరమీద కదలిన రాముడు గాజు వెనుక నిలిచిపోయెనని దుఃఖింపవచ్చును. కాని దీపపు గొడుగున కూడ వెలుగు వెనుకనుండియే వచ్చుచున్నది. కళాకారుడు తన మూలసూత్రమును విడువలేదు. కదలికను మాత్రము పోగొట్టుకొన్నాడు. అది ఆయన దోషము కాదు, తెరముందు కూర్చుండుట మానిన మన దోషము.

అచ్చటినుండి హిందూపురము పోయి, మూడవనాటి యుదయమున లేపాక్షి చేరితిని. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణలను సోదరులు కట్టించిన వీరభద్రాలయపు పైకప్పులను గురించి ఎందరో వ్రాసిరి గనుక నేను క్లుప్తముగా చెప్పెదను. అర్ధమండపమున ఇరువది అడుగులకు మించిన పొడవు గల వీరభద్రుని చిత్రమున్నది. నాట్యమండపమున పార్వతీ కల్యాణము, కిరాతార్జునీయము, ద్రౌపదీ స్వయంవరము. సున్నపు గచ్చుమీద కావిరంగు, పసుపు, నలుపు, తెలుపు. వర్ణములు కొలదివే అయినను ఆ చీరల అంచులు ఒకదానివలె మరియొకటి లేవు. ధర్మవరపు నేతగాండ్రు ఈ అంచులను చూచి తమ మగ్గములమీద దించుకొన్నారని చెప్పుదురు. అక్కడక్కడ గచ్చు రాలి ముఖములు సగమై, చేతులు మాత్రమే మిగిలి, ఏదో అందించుచున్నట్లున్నవి.

కాని నన్ను ఆకర్షించినది వేరొకటి. మండపమునకు ప్రక్కలనుండి ప్రవేశించిన యెండ నేరుగా పైకప్పును చేరదు. అది ముందుగా నేలరాతిమీద పడి, భక్తుల పాదములచే నున్ననైన ఆ రాతినుండి పైకి మరలి, చిత్రములను తాకును. నేను నిలిచిన చోట నా నీడ కూడ పైకప్పుమీద మసకగా కదలినది. అనగా ఇక్కడ చిత్రములకు దీపము పట్టునది, చూడవచ్చినవారు నడచిన నేల.

తిరుగు ప్రయాణమున మరల అనంతపురమున దిగి, సాయంకాలము బుక్కరాయసముద్రపు కట్టమీదికి పోతిని. ప్రొద్దు పడమటికి వాలుచుండెను. పశువులు నీరు త్రాగి గట్టెక్కుచుండెను. కట్టకు ఒక కొసను నిలిచి రెండవ కొసవైపు చూచితిని. చిక్కవొడయరు ఒక్క కట్టకు రెండు ఊళ్లను వెలయించెను. నీరు మాత్రము ఒక్కటే. అనంతసాగరము పెరిగి నగరమైనది. బుక్కరాయసముద్రము మండలకేంద్రముగా మిగిలినది. అయినను ఒకరి నీరు గొప్పది, ఒకరి నీరు తక్కువది యని ఎవ్వరును అనజాలరు.

మన చిత్రకళయు ఇట్టి కట్టయే. ఒక కొసను నగరపు చిత్రశాల, మరియొక కొసను పల్లె అరుగు, గుడి పైకప్పు, అవ్వ నొసటి బొట్టు. బూరుగుపల్లి నాటకములనుండి వైకుంఠంగారు నింపుకొన్న నీరును, నిమ్మలకుంట తెరనుండి జారి దీపపు గొడుగున నిలిచిన నీరును ఒక్క వానవే. చిత్రశాల లేకున్నచో ఆ నీటిలో కొంత ఎవ్వరికిని అందక ఇంకిపోయెడిది. దానిని నేను కృతజ్ఞతతో చెప్పుచున్నాను. కాని ఒక కొసనే పారుచు రెండవ కొస ఎండిపోయిన చెరువు ఎన్నాళ్లుండును? అవ్వ అడిగిన "యా ఊరామె" యను ప్రశ్న చిత్రశాలలో వినబడవలెను. చిత్రశాలలోని చిత్రములు అవ్వ చూచునంత దగ్గరకు, ఏ పాఠశాల వరండాకో, ఏ జాతరకో, రావలెను. ఈ మండలముననే జంతులూరికడ నేడు కేంద్రీయ విశ్వవిద్యాలయమున్నది. తెల్లగోడలకు కొరత లేదు. కొరత రాకపోకలకు మాత్రమే. కట్టలు వాటంతట అవి నిలువవు. ఏటేట మన్ను వేయువారుండవలెను. లేనినాడు గండి పడును. గండి పడిననాడు ఎవరో ఒకరిని బలియిచ్చి పూడ్చుకొనుటకంటె, పడకముందే తట్టెడు మన్ను వేయుట మేలు.

హైదరాబాదు చేరి చిత్రశాలకు పోవునప్పటికి ప్రదర్శన ముగిసినది. చిత్రములు దింపివేసిరి, తెల్లని గోడలమీద మేకుల గుర్తులు మాత్రమున్నవి. పెద్దాయన అదే కుర్చీలో అటులే కూర్చుండియున్నాడు. ముసలమ్మ గుడికడ అవ్వ యిచ్చిన కుంకుమపొట్లము ఆయన చేతిలో పెట్టి, చెరువు నడుమ నీరున్నదనియు, అంచులు ఎండినవనియు, రాతిమీద మూడు గీతలున్నవనియు, అడుగు గీత ఇంకను తడిగానున్నదనియు చెప్పితిని. ఆయన కన్నులు మూసికొని, ఆ రాళ్లను, ఆ గీతలను తన మనస్సున ఒక్కొక్కటిగా చూచుకొనెను. నేను మూడు దినములు తిరిగి చూచిన చిత్రములన్నిటికంటె స్పష్టముగా ఆయనకు ఆ చిత్రము కనబడుచున్నదని ఆ ముఖమే తెలిపినది.

"మూడో గీతకాడ ఉండాయంటే," అని కన్నులు తెరచి అనెను, "మళ్లకు రావు సామీ. గొడ్లకు వస్తాయి. చాలు."

కుంకుమను వ్రేలితో అద్దుకొని నొసట పెట్టుకొని, పొట్లమును జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో ఉంచుకొనెను.